జైతూన్ బీ తొట్టి

ఎర్రగుండ్లపేటలో మనుషులకే నీళ్ళు చాలని రోజుల్లో కుక్కలకు నీళ్ళు పెట్టిన మనిషి జైతూన్ బీ. అదేం గొప్ప అనుకునేవాళ్ళు ఒక్కసారి ఆ ఊరి ఉప్పుబావిలోకి తొంగిచూడాలి. చేద వదిలితే అరవై మూరల తాడు అరచేతుల్లోంచి జారిపోయాక గానీ అడుగున చప్పుడు వినబడదు. అంత లోతు నుంచి రోజూ పొద్దున్నే పన్నెండు కడవలు తోడి, ఊళ్ళో నాలుగు చోట్ల ఉన్న నాలుగు రాతితొట్లలో పోసేది. పంతొమ్మిది వందల అరవై ఐదులో కరువొచ్చి బావి అడుగున బురద తేలినప్పుడు కడవలు తగ్గించింది గానీ మానలేదు. ఇరవై ఏళ్ళలో ఆమె తొట్టి దగ్గర లేని రోజులు పద్నాలుగంటే పద్నాలుగే. ఆ పద్నాలుగు రోజులు ఎందుకు రాలేకపోయిందో, ఆమె బదులు ఎవరు నిలబడ్డారో చెబితే ఆమె ఎటువంటి మనిషో తెలుస్తుంది.

ముదిగుబ్బ నుంచి కదిరి పోయే దారిలో ఉంది ఆ ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు, గొర్రెలకూ మేత దొరకకపోతే వలస. వలసపోయే గొర్రెలకాపర్లు మందను తోలుకుపోయేవాళ్ళు గానీ కుంటివీ ముసలివీ అయిన కుక్కల్ని వదిలిపోయేవాళ్ళు. అవి ఊళ్ళోకొచ్చి వీధికి నాలుగైదు చొప్పున పంచుకుని స్థిరపడ్డాయి. ఎవరివీ కావు, అందరివీ. మిగిలిన సంగటి ముద్ద వీటికే, పొయ్యిపక్కన వెచ్చటి బూడిద వీటికే. బస్సు కండక్టర్లు ఊరి పేరు కూడా పలికేవాళ్ళు కాదు. “కుక్కలపేట, దిగండి దిగండి” అనేవాళ్ళు. ఊరివాళ్ళకు కోపం వచ్చేది కాదు, పైగా మురిసిపోయేవాళ్ళు.

జైతూన్ బీ మొగుడు ఖాసిం సాబ్ రేకు పనివాడు. కిరోసిన్ డబ్బాలు కత్తిరించి బుడ్డిదీపాలు, జల్లెళ్ళు, గరాటులు చేసేవాడు. అతను పోయాక కత్తెర ఆమె చేతికి వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. ఎండిన కందికట్టెలాంటి మనిషి. చేతుల నిండా రేకు గాట్లు. నోరు ఆ రేకుకంటే పదును. కుక్కల్ని ముట్టుకున్న చేత్తో నమాజు ఎట్లా చేస్తావని సాటివాళ్ళు సణిగితే ఆమె తగవు పెట్టుకోలేదు. కుక్కల పనికని ఒక పాత చీర వేరే పెట్టుకుంది. పని కాగానే చేతులు మట్టితో రుద్ది కడుక్కుని, చీర మార్చుకుని నమాజుకు నిలబడేది. ఏ కుక్కా ఆమె గడప దాటేది కాదు. అటు దేవుడికీ ఇటు కుక్కలకీ మాట రానివ్వని ఏర్పాటు అది.

ఇదంతా మొదట్లో తిప్పేస్వామికి పిచ్చిగా కనబడేది. అతను పంచాయతీ ఆఫీసులో బిళ్ళబంట్రోతు. ఖాకీ కోటు, భుజం మీదుగా ఎర్రపట్టీ, పట్టీ మీద ఇత్తడి బిళ్ళ. కాగితాలు మోయడం, అధికారులొస్తే కుర్చీలు వేయడం అతని పని. దాంతోపాటు ఇంకో పని ఉండేది. ఊళ్ళో కుక్కలు ఎక్కువయ్యాయని ఎవరైనా అర్జీ పెడితే, అనంతపురం నుంచి సీసాలో మందొచ్చేది. తిప్పేస్వామి ఆఫీసు వెనక మూడు రాళ్ళు పెట్టి, వేరే కుండలో సంగటి కెలికి, మందు కలిపి ముద్దలు చేసి వీధుల్లో పెట్టేవాడు. ఇంట్లో ఆ వంట చేయనివ్వలేదు అతని పెళ్ళాం ఓబమ్మ. ఆ రోజు అతనికి అన్నం కూడా వాకిట్లోనే పెట్టేది. ఊళ్ళో “తిప్పేస్వామి సంగటి” అంటే చావుకు ఇంకో పేరు. ఎవరైనా ఎక్కువ వాగితే “నీకు తిప్పేస్వామి సంగటే గతి” అని నవ్వుకునేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. తిట్టయినా పేరే గదా అనుకునేంత బండబారిపోయాడు పాపం.

యాభై ఏడులో ఉగాది దాటిన రెండో వారం ఊళ్ళోకి పరాయి కుక్క ఒకటి జొరబడింది. నోట్లో నురగ, తూలుడు నడక. కనబడిన దాన్నల్లా కరిచింది. ఒక దూడను, నాలుగైదు వీధి కుక్కల్ని, చివరికి ధర్మవరం మగ్గాలకు పట్టుదారం తీసుకుపోయే సోమప్ప పిక్కను పట్టుకుంది. జనం రాళ్ళతో దాన్ని చంపారు గానీ, సోమప్ప అనంతపురం పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకోవాల్సి వచ్చింది. ఏ కుక్కల్ని కరిచిందో ఎవరూ సరిగ్గా చూడలేదు. రేపు ఎవరింటి వాకిట్లో ఏ కుక్క తిరగబడుతుందోనని ఊరంతా హడలిపోయింది.

పంచాయతీలో కూర్చుని తీర్మానం రాశారు. కుక్కను పెంచుకునేవాళ్ళు ఆఫీసుకొచ్చి పేరు రాయించుకుని, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ తీసుకుని దాని మెడకు కట్టాలి. వచ్చే శనివారం నాటికి బిళ్ళ లేని కుక్కలన్నింటినీ చంపేస్తారు. తీర్మానం ఒకటిన్నర పేజీ వచ్చింది. దండోరా వేసే నారాయణకు అంత ఓపిక ఎక్కడిది! డప్పు కొట్టి వీధివీధికీ ఒక్క ముక్క చెప్పేసి పోయాడు.

“వినుకోండప్పో! శనివారం లోపల కుక్కలకు బిళ్ళ కట్టాల! బిళ్ళ లేని కుక్కకు తిప్పేస్వామి సంగటి పెడతాడప్పో!”

ఆఫీసు మాట, నంబరు మాట, ఇత్తడి మాట డప్పులో కలిసిపోయాయి. ఊళ్ళో బిళ్ళ అంటే ఒకటే అర్థం, చంటిపిల్లల మెడలో నల్లదారంతో కట్టే దిష్టిబిళ్ళ. కుక్కలకు పిచ్చి సోకకుండా దిష్టిబిళ్ళ కట్టమని సర్కారే చెబుతోందని ఊరంతా అనుకుంది. “ఇన్నాళ్ళకు ఆఫీసోళ్ళకు బుద్ధొచ్చినాది సూడు!” అని బజారులో ఉండే రామసుబ్బమ్మ మెచ్చుకుంది కూడా. రేకు బిళ్ళ కావాలంటే రేకు పనివాళ్ళ ఇంటికేగా పోవాలి. వీధులకు వీధులే జైతూన్ బీ వాకిట్లో వాలాయి. ఆమె మూడు రోజులు కూర్చుని కిరోసిన్ డబ్బాలు కత్తిరించి, అంచులు రాయి మీద అరగదీసి, చిల్లు పొడిచి ముప్పై ఏడు బిళ్ళలు చేసింది. కొందరు వాటికి కుంకుమ పెట్టారు, కొందరు దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు జోడించారు.

శనివారం పొద్దున తిప్పేస్వామి ముద్దల బుట్ట చంకన పెట్టుకుని బయల్దేరాడు. మొదటి వీధిలో మొదటి కుక్క మెడలో బిళ్ళ. రెండో దానికీ బిళ్ళే. కుంటిదానికి, గజ్జిదానికి, కళ్ళు సరిగా తెరవని కూనకు కూడా బిళ్ళ మెరుస్తోంది. తన భుజం మీద బిళ్ళను ఒకసారి చూసుకున్నాడు, వాటిని ఒకసారి చూశాడు. ఆ వేళ ఊళ్ళో బిళ్ళ లేనివి గాడిదలొక్కటే. ఏం చేయాలో తోచక బుట్టతో తిరిగి ఆఫీసుకు పోయాడు.

అనంతపురం నుంచి వచ్చిన హెల్తు ఇన్స్పెక్టరు మండిపడ్డాడు. చెడ్డవాడేం కాదు. సోమప్ప ఆసుపత్రిలో పడ్డ బాధ కళ్ళారా చూసి వచ్చినవాడు. తిప్పేస్వామిని వెంటబెట్టుకుని నేరుగా జైతూన్ బీ ఇంటికి వచ్చాడు.

“ఏమమ్మా, ఇవేం బిళ్ళలు? వీటి మీద నంబర్లేవి?”

“నంబర్లెందుకు సారూ, వాటికి పేర్లుండాయి గదా!”

అని, ఆమె తడుముకోకుండా అందుకుంది. బజారు నడుమ అడ్డంగా పడుకుని బస్సులకు కూడా దారివ్వనిది తాసిల్దారు. ఎవరి చేతి కూడూ ఒకపట్టాన ముట్టనిది దొరసాని. అరుపు రానివాడు మూగోడు. బస్సు వెంట పరుగెత్తేది మెయిలు. ముప్పై ఏడు పేర్లు, ఏది ఏ వీధిలో ఉంటుందో, ఎప్పుడు ఏ కాపరి వదిలిపోయాడో, పరాయి కుక్క వచ్చిన రోజు ఏది ఎక్కడుందో అన్నీ చెప్పుకుపోయింది. చివరికి తన వాకిట్లో రాతిస్తంభం పక్కన పడుకున్న పెద్ద గోధుమరంగు కుక్కను చూపించి, “ఇది నవాబు. గొర్లకాపరి బయ్యన్న వదిలిపెట్టి పోయినాడు. ఆరేండ్లాయ” అంది. ఇన్స్పెక్టరు నోరు వెళ్ళబెట్టి విన్నాడు. సొంత ఆఫీసులో పనిచేసేవాళ్ళ పేర్లే అతనికి అన్ని రావు మరి.

“అంతా బాగుందమ్మా. కానీ వీటిల్లో దేనికి పిచ్చి తగులుకుందో ఎవరు చెప్పగలరు? కరిచాక గదా తెలిసేది.”

“కరిచేదానికి ముందరే నాకు తెలుస్తాది సారూ.”

“ఎట్లా?”

“నీళ్ళు తాగేదాన్ని బట్టి.”

“పిచ్చికుక్క నీళ్ళంటే భయపడుతుందని అందరికీ తెలిసిందేగా.”

“అదే తప్పు,” అంది జైతూన్ బీ. “భయం గియ్యం ఏమీ ల్యా. దానికీ దాహమే. తొట్టి కాడికి వస్తాది, మూతి పెడతాది, నాలిక ఆడిస్తాది. చూసేటోళ్ళు తాగినాదనుకుంటారు. నాలికను చూడగూడదు సారూ, గొంతును చూడాల. గొంతు కదల్దు. తాగిన నీళ్ళు తాగినట్లే కారిపోతాయి. అట్లాటి దాన్ని నేను రెండు తూర్లు చూసినా. కరిచేదానికి ఒక దినం ముందర.”

తిప్పేస్వామి చంకలోని బుట్ట కిందికి దించాడు. పదేళ్ళుగా ఆమె పుణ్యానికి నీళ్ళు పోస్తోందనుకున్నాడు. ఊరు ఊరంతా అదే అనుకుంది. ఆమె రోజూ పొద్దున తొట్టి పక్కన గొంతుక్కూర్చునేది కాళ్ళనొప్పితో కాదు, ముప్పై ఏడు గొంతులు చూడటానికి! ఊరు ఇన్నేళ్ళూ గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయింది ఈమె కాపలా వల్లనా అని విస్తుపోయాడు.

“నలభై దినాలు గడువియ్యి సారూ, పిచ్చి సోకింటే ఆ లోపలే బయటపడతాది,” అంది ఆమె. “ఏదన్నా ఒక్కదాని గొంతు కదలకపోయినా నేనే చెప్తా. అది నాదైనా సరే చెప్తా. ఒక్క పొద్దు నేను చూసేది తప్పినా, ఒక్కదాన్ని దాచిపెట్టినా, అన్నిటికీ ఆ సంగటే పెట్టుకోండి. నేను అడ్డం రాను.”

ఇన్స్పెక్టరు ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. తిప్పేస్వామి రోజూ పొద్దున వెంట ఉండి చూడాలి, ఏ కుక్క తాగిందో ఏది తాగలేదో సాయంత్రంలోగా కాగితం రాసి పంపాలి. కాగితం రాని రోజున మందు సీసా వస్తుంది.

అట్లా కుక్కల్ని చంపేవాడే వాటికి కావలి అయ్యాడు. మొదటి రోజు తొట్టి దగ్గరికి పోబోతే జైతూన్ బీ కసిరింది.

“నువ్వు ఆడనే నిలబడప్పా, గోడ కాడ. నీ వాసన తగిల్తే అవి నీళ్ళు ముట్టవు.”

నిజమే, అతను వీధిలోకి రాగానే తోకలు కాళ్ళ మధ్యకు పోయేవి. అతను గోడకు ఆనుకుని దూరం నుంచి చూసేవాడు. ఆమె నాలుగు తొట్ల దగ్గరికీ వరసగా పోయి, ఒక్కో తొట్టిని కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, నీళ్ళు పోసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చునేది. కుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. తోసుకునేవి కావు, వాటికేదో వరస ఉంది. ఒక్కొక్కటి తాగుతుంటే ఆమె కళ్ళు రెప్ప వేయకుండా దాని మెడ కింద నిలిచేవి. “తాసిల్దారు తాగినాడు,” అనేది. “మూగోడు తాగినాడు.” వారం తిరిగేసరికి తిప్పేస్వామికీ ఆ కదలిక కనబడటం మొదలైంది. బిళ్ళకు కాస్త పైన, బొచ్చు కింద, చిన్న ఉండ ఎక్కి దిగినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళూ అతను కుక్క మెడను చూసింది బిళ్ళ ఉందా లేదా అని. అక్కడ ఒక ప్రాణం గుటకలు వేస్తుందని ఇప్పుడు తెలిసింది. ఇంటికి పోయి ఓబమ్మకు చెబితే ఆమె నవ్వలేదు. ఆ శనివారం నుంచి వాకిట్లోనే పెడుతున్న అన్నం ఆ పూట లోపల పెట్టింది.

ముప్పై రెండు రోజులు గడిచాయి. ఎండలు ముదిరాయి. ముప్పై రెండు కాగితాలు అనంతపురానికి పోయాయి. ఊళ్ళో భయం పోయి కబుర్లు మొదలయ్యాయి.

ముప్పై మూడో రోజు పొద్దున ఆమె ఇంటి ముందున్న తొట్టికి నవాబు అందరికంటే ముందు వచ్చింది. అది ఎప్పుడూ అందరూ తాగాక వచ్చేది, అందుకే దానికా పేరు. మూతి నీళ్ళలో పెట్టింది. నాలుక ఆడించింది. తల ఎత్తింది. దవడల వెంట నీళ్ళు తీగలా కారాయి. మళ్ళీ పెట్టింది, మళ్ళీ కారాయి. మూడోసారి మూతి పెట్టి కళ్ళెత్తి జైతూన్ బీ వంక చూసింది. గోడ దగ్గర తిప్పేస్వామి అదంతా చూశాడు. ‘ఆమె చూడలేదేమో,’ అనుకున్నాడు. ‘చూడలేదని అనేస్తే బాగుండు,’ అని కూడా అనుకున్నాడు. తనకు అటువంటి కోరిక కలగడం అతనికే వింతగా ఉంది.

ఆమె మిగతా కుక్కల్ని రాయి విసిరి దూరంగా తోలింది. లేచి, ఇంట్లోంచి గొలుసు తెచ్చి, పొడుగాటి వెదురు కొనకు తగిలించి నవాబు మెడలోకి జార్చింది. రెండో కొసను రాతిస్తంభానికి బిగించింది. అది తిరగబడలేదు. మతి సరిగా లేకపోయినా ఆ మనిషి మీద తిరగబడకూడదని మాత్రం దానికి ఇంకా గుర్తుందేమో.

“తిప్పన్నా,” అని పిలిచింది. “నవాబు తాగలేదు. కర్ర తెచ్చుకో.”

“బూబమ్మా, ఇంకొక్క దినం సూద్దాం. ఎండకేమో...”

“నేను మాటిచ్చినా గదా అప్పా.”

కర్ర తీసుకుని అతను దగ్గరికి వచ్చేసరికి ఆమె రేకు కత్తెర చేతిలో పట్టుకుని నవాబు ముందు కూర్చుని ఉంది. చొంగ కారుతున్న ఆ మెడ కిందికి చెయ్యి పోనిచ్చి, నల్లదారం పుటుక్కున కత్తిరించింది. రేకు బిళ్ళ ఆమె అరచేతిలో పడింది.

“ఇది ఉండంగ నువ్వు చెయ్యెత్తగూడదు. బిళ్ళ ఉండే దానికి భయం ల్యాదని నేనే అన్నిటికీ కట్టినా,” అంది. తర్వాత దాని తలమీద చెయ్యి వేసి ఉర్దూలో ఏదో చెప్పింది. లేచి, ఇటు తిరగకుండా గడప దాటి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తిప్పేస్వామి ఒక్క దెబ్బకు పని ముగించాడు. ఇన్నేళ్ళలో వందల కుక్కల్ని చంపాడు. ఏ చావు దగ్గరా అతను నిలబడలేదు, ముద్ద పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు నిలబడ్డాడు. ఎవరి ప్రాణాన్ని ఎవరు ఇచ్చారో, ఎందుకిచ్చారో తెలిసి నిలబడ్డాడు. దేవుడి గుళ్ళో కూడా ఎన్నడూ అతనికి చేతులు అంత భయంగా, అంత భక్తిగా జోడించబుద్ధి కాలేదు. గుట్ట కింద లోతుగా గుంట తవ్వి పూడ్చి వచ్చాడు.

తిరిగొచ్చేసరికి జైతూన్ బీ ఆ తొట్టిని సున్నంతో తోముతోంది. ఆమె చేతులు చూసి అతనికి పైప్రాణాలు పైనే పోయాయి.

“బూబమ్మా! నీ చేతి నిండా రేకు గాట్లుండాయి గదా! దాని చొంగ తగిలినాది గదమ్మా!”

ఆమె తన అరచేతుల్ని కొత్తగా చూసుకుంది. ముప్పై ఏడు గొంతుల మీద కన్నేసి పెట్టిన మనిషికి తన చేతుల సంగతి తోచనే లేదు.

ఆసుపత్రికి పోవాలి. పద్నాలుగు రోజులు, పద్నాలుగు సూదులు. అనంతపురంలో ఆమె చెల్లెలు హబీబా ఇంట్లో ఉండాలి. మధ్యాహ్నం బస్సు ఎక్కేముందు రోడ్డు పక్కన మూట పెట్టుకుని ఆమె తిప్పేస్వామి వంక తేరిపారా చూసింది.

“ఇంకా ఏడు దినాలుండాయి. ఒక్క పొద్దు తప్పినా అన్నీ పోతాయి. నువ్వే చూడాల.”

“నేనా! నేను పోతే అవి తాగవని నువ్వే అంటివి గదమ్మా.”

“అన్నా. ఇప్పుడు ఇంగెవరికీ గొంతు చూసేది రాదు, నీకే వచ్చు.” బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. “ఇంకో మాట తిప్పన్నా. అవి తాగకుంటే తాగినాయని మాత్రం రాయొద్దు. ఆ పని చేసేదైతే నవాబును నేనే దాచిపెట్టి ఉందును.”

మర్నాడు పొద్దున తిప్పేస్వామి పన్నెండు కడవలు తోడాడు. అరవై మూరల తాడు అరచేతులు కోసింది. ఈ పని ఆడమనిషి పదేళ్ళుగా ఎట్లా చేసిందిరా నాయనా అనుకున్నాడు. బజారులోని తొట్టిని పీచుతో రుద్ది కడిగి, నీళ్ళు పోసి, ఆమె కూర్చునే చోటే గొంతుక్కూర్చున్నాడు.

మిగతా తొట్లు ఇంకా నింపలేదు, అందుకని కుక్కలన్నీ అక్కడికే వచ్చాయి. ముప్పై అడుగుల దూరంలో ఆగిపోయాయి. తాసిల్దారు రెండడుగులు వేసి, వాసన పట్టి, వెనక్కి పోయింది. అతను లేచి గోడ దాకా జరిగాడు. అవి రాలేదు. ఖాకీ కోటు విప్పి పక్కన పెట్టాడు. అవి రాలేదు. ఎండ ఎక్కుతోంది, నాలుకలు బయటికి వేలాడుతున్నాయి, అయినా ఒక్కటీ ముందుకు కదలడం లేదు. నీళ్ళంటే భయపడే కుక్కలు కావవి. అతనంటే భయపడే కుక్కలు. ఆ చేతి నుంచి ఇన్నేళ్ళలో కింద పడింది ఒక్కటే, సంగటి ముద్ద. తిన్నవి చచ్చాయి, తిననివి చూశాయి. ఇప్పుడు అదే చెయ్యి నీళ్ళు పోస్తే ఎట్లా నమ్ముతాయి?

అతనికి తల తీసేసినట్టయింది. సాయంత్రానికి కాగితం పోవాలి. ఏ కుక్కా తాగలేదని రాస్తే రేపటి బస్సుకు సీసా వస్తుంది, ముప్పై ఆరూ పోతాయి. తాగాయని రాయడానికి చెయ్యి రాదు. వీటిలో ఇంకొక నవాబు ఉంటే? ఆమె అంతటి దాన్ని తన చేత్తో ఇచ్చేసి పోతే, తాను ఒక్క అబద్ధంతో ఆమె మాటను మట్టి చేస్తాడా?

ఎదురుగా రామసుబ్బమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. “ఏమప్పా, నీ నీళ్ళలో ఏం కలిపినావని అవి సూస్తాండాయి!” అంది. ఎగతాళికి అన్నా, మాట నిజం.

తిప్పేస్వామి తొట్టి దగ్గరికి తిరిగి నడిచాడు. రెండు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేరే కులంవాడి చెంబుతో కూడా నీళ్ళు తాగని మనిషి అతను. రెండు చేతులూ కుక్కల తొట్టిలో ముంచి, దోసిలి ఎత్తి, అందరూ చూస్తుండగా తాగాడు. ఉప్పగా ఉన్నాయి. ఇంకో దోసిలి తాగాడు. మూడోది కూడా తాగాడు. గుమ్మంలో రామసుబ్బమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ముప్పై ఆరు కుక్కలూ కదలకుండా నిలబడి అతన్నే చూస్తున్నాయి. అతని చేతులను కాదు. అతని గొంతును.

చాలాసేపు పట్టింది. ఎంతసేపో అతనికి తెలియదు. ముందు తాసిల్దారు కదిలింది. కడుపు నేలకు ఆనిస్తూ, అడుగుకొకసారి ఆగుతూ వచ్చింది. అతని మోకాలికి జానెడు దూరంలో మూతి నీళ్ళలో పెట్టింది. అతను దాని మెడ కిందికి చూశాడు. చిన్న ఉండ ఎక్కి దిగింది. మళ్ళీ ఎక్కి దిగింది. ప్రపంచంలో ఇంత పెద్ద సంగతి తానెప్పుడూ చూడలేదనిపించింది. కళ్ళనిండా నీళ్ళొచ్చి ఆ మెడ మసకబారితే గబగబా తుడుచుకున్నాడు, చూపు తప్పకూడదు గదా.

“తాసిల్దారు తాగినాడు,” అన్నాడు గట్టిగా, అనంతపురం దాకా వినబడాలన్నట్టు.

తర్వాత దొరసాని వచ్చింది.